అతుకు తెలియని గొంతు

బుధవారం, మధ్యాహ్నం రెండుంపావు

నా సహధర్మచారిణికి, ఆశీస్సులతో కాదు, అభ్యర్థనతో,

“ఆయన గొంతు వినలేను. చెప్పాల్సిందేమైనా ఉంటే రాయమనండి” అని అమ్మతో కబురు పంపావు. అలాగే రాస్తున్నాను. ముందుగా, జరిగినదాన్ని జరిగిన వరుసలో పెడుతున్నాను. ఎక్కడైనా పొరపాటు కనిపిస్తే ఆ అంకె పక్కన గీత పెట్టి పంపగలవు.

1. నిన్న ఉదయం నువ్వు గుమ్మం ముందు బండి దగ్గర కూరగాయలు ఏరుతున్నావు. నేను లోపల అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను.

2. ఎన్నికల ప్రచార వ్యాను మన వీధిలోకి తిరిగింది. దాని మైకులోంచి వచ్చిన మాటలు ఇవి: “పట్టణ ప్రజలకు ముఖ్య గమనిక. ఏటి అవతలి నుండి వచ్చినవారు మీ పక్కనే ఉన్నారు. మీ సామాను జాగ్రత్త. మీ పిల్లలు జాగ్రత్త. దర్జీల వీధి. పాత మిల్లు సందు. వంతెన పేట. ఇదే చివరి పిలుపు. బయలుదేరవలెను.” ఆ తర్వాత అభ్యర్థికి ఓటు వేయమన్న మాట వేరే గొంతులో వచ్చింది.

3. మొదటి గొంతు నాది.

4. ఆ మాటలు నేను అనలేదు.

5. కూరలమ్మే ఆవిడ చేతిలో తక్కెడ ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. ఎదురింటావిడ “మీ ఆయన భలే చెప్పారమ్మా!” అని, అంతలోనే నీ పుట్టిల్లు దర్జీల వీధి అని గుర్తొచ్చి, “అంటే... నిన్ను కాదులే” అంది.

6. నువ్వు సంచీ నేల మీద పెట్టి లోపలికి వచ్చావు. సగం ముఖం నురగతో ఉన్న నేను “అది నేను కాదు” అన్నాను. నువ్వు పాపను తీసుకుని మీ అన్నయ్యగారింటికి వెళ్ళిపోయావు.

ఇక ఇది ఎలా సాధ్యమైందో వివరించాలి. కిందటి సంవత్సరం బస్టాండులో ప్రకటనల యంత్రం పెట్టినప్పుడు నా గొంతును ముక్కలుగా రికార్డు చేసిన సంగతి నీకు తెలుసు. ఊళ్ళ పేర్లు, వీధుల పేర్లు, అంకెలు, ‘నుండి’, ‘వరకు’, ‘పిల్లలు’, ‘జాగ్రత్త’, ‘బయలుదేరవలెను’ దేనికది విడిగా. యంత్రం వాటిని ఏరుకుని వాక్యంగా పేర్చుకుంటుంది. ఇతర డిపోల్లో అనౌన్సర్లు ఒక్కో మాటను ఒక్కసారి చదివి చేతులు దులుపుకున్నారు. అందుకే అక్కడ యంత్రం మాట్లాడితే ఎండుపుల్లలు విరిచినట్టుంటుంది. నేను ప్రతి మాటనూ మూడు స్వరాల్లో చదివాను. వాక్యం మొదట్లో వచ్చేది ఒకటి, నడుమ వచ్చేది ఒకటి, చివర వాలేది ఒకటి. ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి, రేడియో ముందు కూర్చుని ఉచ్చారణ దిద్దుకున్నవాణ్ణి. చేసిన పనిలో అతుకు తెలియకూడదన్నది నా పట్టుదల. తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, పాపను పక్కింటికి పంపి, నా సాధన కోసం ఇల్లంతా నిశ్శబ్దం చేసిపెట్టింది నువ్వే కదా.

ఇప్పుడు ఆ ముక్కలతో ఎవరు ఏ వాక్యం కుట్టినా అతుకు తెలియదు. నా జాగ్రత్తే నాకు శత్రువైంది.

ఈ ఉదయం ఆ రికార్డింగు జరిగిన స్టూడియోకు వెళ్ళాను. ఎప్పుడూ చెవులకు ఆ పెద్ద హెడ్‌ఫోన్ డిప్పలు తగిలించుకుని ఉంటాడని మనం చెవులపిల్లి అని పిలుచుకునే అతణ్ణి నిలదీశాను.

“నేనేం చెయ్యనన్నా? ప్రచార ఆఫీసు నుంచి వచ్చి ఫైళ్ళన్నీ పట్టుకుపోయారు. కాదంటే స్టూడియో ఉండేదా, నేనుండేవాణ్ణా?”

“నేననని మాటలు ఎలా అతికావు?”

“అదే విడ్డూరం! టీ చల్లారేలోగా అయిపోయింది. ఎక్కడా గీకాల్సిన పని కూడా పడలేదు. నా సర్వీసులో ఇంత శుభ్రమైన గొంతు చూడలేదన్నా, ఒట్టు!”

నన్ను మెచ్చుకున్నాడు.

అయినా ఇది రుజువు చేయదగిన విషయం. ఎన్నికల అధికారికి అర్జీ రాశాను, డిపో మేనేజరుకు నకలు ఇచ్చాను. రుజువు చేతికందగానే నీ ముందు పెడతాను. అంతవరకు నా మీద తీర్పు చెప్పవద్దని మనవి.

ఇట్లు,
నీ భర్త,
ప్రథమ శ్రేణి అనౌన్సరు,
ప్రకటనల విభాగం, కేంద్ర బస్టాండు.

*

సోమవారం, పొద్దు వాలుతుండగా

నా ఇల్లాలికి,

ఉత్తరం నీ చేతికే ఇచ్చానని అమ్మ చెప్పింది. “ఏమంది?” అని అడిగాను. “చదివింది, మడిచింది, నాకు మంచినీళ్ళిచ్చింది” అంది. ఆపైన నా మీద పడింది: “ఒరేయ్, ఇంట్లో ఉప్పు అందుకోమంటే నీకు నోరు పెగలదు. ఊళ్ళో మాత్రం ఏ సందులో చూసినా నీ నోరే. దారి పొడుగునా చెవులు మూసుకుని నడవాల్సొచ్చింది నాకు.” నిజం నిలకడ మీద తెలుస్తుందమ్మా అన్నాను. “నిలకడగా ఉండనిచ్చేదెవరురా?” అంది.

నేను చేసిన ప్రయత్నాలు నీకు తెలియపరచడం నా బాధ్యత. ఎన్నికల అధికారి నా అర్జీ చదివి కళ్ళద్దాలు తీశారు.

“గొంతు మీదేనా?”

“నాదేనండి.”

“బెదిరించి చెప్పించారా?”

“అసలు చెప్పనే లేదండి.”

“చెప్పని మాట ఎలా వినిపిస్తుందయ్యా?”

మూడు స్వరాల సంగతి మొదటి నుంచి వివరించాను. ఆయన ఓపికగా విని, గుమ్మంలో ఉన్న బంట్రోతును పిలిచారు. “నువ్వూ విన్నావుగా. ఎక్కడైనా అతుకు తెలిసిందా?”

“లేదు సార్. ఈ సారు గొంతు మేం రోజూ వినేదే. నిఖార్సు!” అన్నాడతను, నాకు మేలు చేస్తున్నాననుకుని.

అక్కణ్ణుంచి ప్రచార కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి ఇన్‌చార్జి నన్ను చూడగానే లేచి కుర్చీ జరిపాడు. మర్యాదస్తుడు. నాకంటే చిన్నవాడు. అతని మాటలు మాటకు మాట రాస్తున్నాను; నేను కల్పించి రాశానని నువ్వు అనుకోకూడదు.

“కూర్చోన్నా. మాకు అవతలోళ్ళ మీద కోపమేం లేదు. మా అభ్యర్థి చొక్కాలు కుట్టేదెవరనుకున్నావ్? దర్జీల వీధోళ్ళే. ఇంకెవరు కుట్టినా ఆయన భుజాలకి కుదరవు.”

“మరి ఇదంతా ఎందుకు?”

“చూడన్నా. రోడ్డేశామంటే జనం గుంట చూపిస్తారు. నీళ్ళిచ్చామంటే ఖాళీ బిందె చూపిస్తారు. దొంగొచ్చాడన్నామనుకో, ఏదీ చూపించమని ఎవడడుగుతాడు? తలుపేసుకుంటాడు. తలుపేసుకున్నోడికి కాపలా కావాలి. ఆ కాపలా మేమే. ఇంతకు మించి ఎలక్షన్లో ఏముంది చెప్పు?”

“నా గొంతే ఎందుకు?”

“నాయకుడు చెబితే ప్రచారం అంటారు. నువ్వు బస్సొచ్చిందంటే, తల తిప్పి చూడకుండానే లేచి మూట ఎత్తుకుంటారు. అలాంటి గొంతు ఊళ్ళో ఇంకోటి లేదన్నా.”

“ఈలోగా వాళ్ళకేమైనా జరిగితే?”

“ఏం జరగదు. ఓట్లయ్యాక అంతా మామూలే. ఒకవేళ జరిగినా నువ్వున్నావుగా, అందరూ శాంతంగా ఉండండని చెబుదువుగాని.”

నాకు టీ తెప్పించాడు. తాగలేదు.

దారిలో మీ వీధి మొదట్లో కాసేపు ఆగాను. బావగారి దుకాణం దగ్గర గుంపు ఉంటే, గిరాకీ బాగుందనుకున్నాను. కాదు. ఇచ్చిన బట్టలు వెనక్కి పట్టుకుపోవడానికి వచ్చారు. “రేపటికి అయిపోతుందండి, చేతులొక్కటే కుట్టాలి” అంటున్నారు బావగారు. “చేతుల్లేకపోయినా పర్లేదు, ఇచ్చెయ్” అంటున్నాడు ఒక పెద్దమనిషి. కత్తిరించిన ముక్కలను కూడా కాగితంలో చుట్టించుకుని పోయారు. బావగారు ఒక్కొక్కరికీ పొట్లం కట్టి, దారం తెంపి, నమస్కారం పెట్టి ఇస్తున్నారు.

బస్టాండులో నా పరిస్థితి చెప్పలేను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి భుజం తడుతున్నారు. “బాగా గడ్డి పెట్టావన్నా!” అంటున్నారు. కాదు మొర్రో అంటే “నీకు భయమైతే మేమున్నాం” అని కన్ను గీటుతున్నారు. ఇవాళ వంతెన పేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. పరుపుచుట్ట, కుట్టుమిషన్, చంకలో బిడ్డ. ఆ ఇల్లాలు బస్సు వేళ కనుక్కోవాలి. నా గది పక్కనే నిలబడి, నన్ను చూసి, అవతలి కొసన ఉన్న కూలీ దగ్గరికి వెళ్ళి అడిగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను కాదని మరొకరిని వేళ అడిగిన మనిషి ఆవిడే.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ చెప్పినవాడే లేడు. లేనివాణ్ణి ఎలా పట్టుకోను? గొంతులో అతుకులు పట్టే పరికరం దూరపు పట్టణంలో ఒకచోట ఉందట. అక్కడికి వెళ్తాను. రుజువు లేకుండా మీ గుమ్మం ఎక్కే ముఖం నాకు లేదు.

నీ భర్త,
అనౌన్సరు.

*

ఏమండీ,

మీ రెండు ఉత్తరాలూ అందాయి. అంకెల పక్కన గీత పెట్టమన్నారు. అక్కర్లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాలుగోది మరీ సరిగ్గా ఉంది. ఆ మాటలు మీరు అనలేదని వ్యాను మన గుమ్మం దాటకముందే నాకు తెలుసు.

ఎలాగంటారా? ‘జాగ్రత్త’ అనేముందు మీరు చిన్నగా ఊపిరి పీలుస్తారు. పెళ్ళైన కొత్తలో నేను వీధిలోకి వెళ్తుంటే ఆ ఊపిరి విని, వస్తోంది ఇప్పుడు జాగ్రత్త అని నవ్వుకునేదాన్ని. వ్యానులో ఉన్నదానికి ఊపిరి లేదు. మీరు పట్టణాలు తిరిగి తెచ్చే రుజువు నా దగ్గర మొదటి రోజే ఉంది.

మరి ఎందుకు వెళ్ళిపోయానని అడగండి. ఎదురింటావిడ “నిన్ను కాదులే” అంది చూశారూ, అప్పుడు నేను లోపలికి వచ్చింది మీ మీద కోపంతో కాదు. మీరు బయటికి వస్తారని. వచ్చి, “ఏటవతలివాళ్ళను అంటే మా ఆవిణ్ణి అన్నట్టే” అని ఒక్క మాట అంటారని. మీరు “అది నేను కాదు” అన్నారు. అదీ నాతో! ఆ మాట నాకెందుకండీ? వినాల్సినవాళ్ళు గుమ్మం బయట ఉన్నారు.

ఆ తర్వాత మీరు కలవని మనిషి లేడు. అందరికీ చెప్పింది ఒకటే, నా గొంతు నిర్దోషి అని. దర్జీల వీధివాళ్ళు నిర్దోషులని ఎవరికైనా చెప్పారా? చెప్పి ఉంటే ఉత్తరంలో రాసేవారు, మీరు అన్నీ రాస్తారు. మా తాత ఏరు దాటి వచ్చాడు, నిజమే. నేను ఆ ఏరును కళ్ళతో చూడనైనా లేదు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో మిమ్మల్ని చేసుకుని, ఇప్పుడు బట్టలకొచ్చినవాళ్ళ ఎదుట నోరు విప్పితే నా యాస ఎక్కడ బయటపడుతుందోనని సైగలు చేస్తున్నాను.

ఆ రోజు మీరు వీధి మొదట్లో నిలబడి చూసి వెళ్ళారని రాశారు. పాప కిటికీలోంచి చూసింది. నాన్న వస్తున్నాడని పరుగెత్తుకొచ్చి జడ వేయించుకుంది. వేసిన జడ అలాగే ఉంది, మీరు రాలేదు. అంతకుముందు అది నన్ను “నాన్న మనల్నే అన్నాడా?” అని అడిగింది. మనల్ని కాదమ్మా అన్నాను. “మరి మామయ్యనా?” అంది. చూశారా, ఎదురింటావిడ మాటే నా నోట కూడా వచ్చింది.

రాయమని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. మీ గొంతుతో ఏం చెప్పినా నమ్మబుద్ధవుతుంది. ఊరివాళ్ళకే కాదు, నాకూ అంతే. గొంతు పక్కన పెడితే ఏం మిగులుతుందో చూద్దామనుకున్నాను. రెండు ఉత్తరాల్లోనూ వెతికాను. ‘బావగారి దుకాణం’ ఉంది. ‘మీ వీధి’ ఉంది. ‘మీ గుమ్మం’ ఉంది. ఒక్కచోటైనా ‘మనవాళ్ళు’ అని లేదండీ.

ఎవరు గెలిచినా సరే, ఎన్నికలవగానే వెళ్ళిపోదామంటున్నాడు అన్నయ్య. నేనూ పాపా అతనితో వెళ్తాం. మీరు రుజువు తెచ్చుకోండి. దాన్ని ఎవరికి చూపిస్తారో మాత్రం నాకు తెలియదు.

అత్తయ్యగారికి మోకాళ్ళు బాగాలేవు. ఆవిణ్ణి ఇంక ఇంత దూరం నడిపించకండి.

ఇట్లు,
అవతలి మనిషి.

*

నీకు,

నీ ఉత్తరం అమ్మ తెచ్చినప్పుడు నేను ఆ దూరపు పట్టణం వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉన్నాను. చదువుతుండగానే బస్సు వచ్చింది, నా గొంతే దాని పేరు పిలిచింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. ప్రచారానికి అదే ఆఖరి రోజు. వ్యాను ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేకపోయింది, నన్ను నేను వింటూ వెళ్ళాను.

సంతలో దొరికింది. దాని ముందుకు వెళ్ళి, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ “అది నేను కాదు!” అని అరిచాను. “మరి మీ బాబా?” అన్నాడొకడు. అంతా నవ్వారు. ఆ నవ్వులో నీ ఉత్తరం నాకు అర్థమైంది. అప్పుడు అన్నాను: “నేను దర్జీల వీధి అల్లుణ్ణి! ఏటవతలివాళ్ళు మావాళ్ళు! నా కూతురు వాళ్ళ మనవరాలు!”

వ్యాను వాళ్ళు మైకు శబ్దం పెంచారు. నేనూ పెంచాను. వ్యాను కదిలింది, నేను పక్కన పరుగెత్తాను. వీధి వీధికీ, సందు సందుకీ అదొక మాట అంటుంది, నేనొక మాట అంటాను. ఊరికి అదొక వేడుకైంది. “ఒక టిక్కెట్టుకి రెండు ఆటలు!” అన్నారు. ఒక చెప్పు వచ్చి వీపుకు తగిలింది, ఎవరిదో చూడలేదు. మన వీధిలోకి వచ్చినప్పుడు ఎదురింటావిడ గుమ్మంలో ఉంది. “‘నిన్ను కాదులే’ అన్నారు కదండీ, ఆ మాటలన్నది మా ఆవిణ్ణే” అని చేతులు జోడించాను. ఆవిడ తలుపు వేసుకుంది. పాత మిల్లు దగ్గర అరుగు మీది ముసలమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, “ఏ ఇంటి అల్లుడివి నాయనా?” అంది. చెప్పాను. “మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అంది. నీళ్ళు తాగి చెంబు ఇచ్చేశాను.

సాయంత్రానికి గొంతులో ఏదో తెగింది. ఉమ్మితే ఎర్రగా పడింది. ఆ తర్వాత నోరు తెరిచినా గాలే వచ్చింది. డాక్టరు దీపం వేసి చూసి, మాట్లాడటం బొత్తిగా మానమన్నాడు. తిరిగి వస్తుందా అని కాగితం మీద రాసి అడిగితే, భుజాలు ఎగరేశాడు. డిపోవారు ఇక రానక్కర్లేదన్నారు, యంత్రం ఉంది కదా. అది నాకంటే బాగా మాట్లాడుతోంది.

నేను అరిచినందువల్ల ఒక్క ఓటు అటుదిటైందని అనుకోను. అభ్యర్థి గెలిచాడు. పెద్ద తేడాతోనే గెలిచాడు. ఇన్‌చార్జి చెప్పినట్టు అంతా మామూలైందా అంటే, ఈ వీధి గోడల మీద రాసిన రాతలు నీకు లోపలి నుంచి కనిపించవు. చూడకు.

ఇది రాస్తున్నది మీ అన్నయ్య దుకాణంలో కూర్చుని, కొలతలు గీసే ఖాకీ కాగితం మీద. అమ్మ పక్కనే ఉంది; నడిపించలేదు, రిక్షాలో తెచ్చాను. నీకూ నాకూ మధ్య, దుకాణం వెనక ఇంట్లోకి తెరుచుకునే తలుపు ఒకటి ఉంది. పిలుద్దామంటే గొంతు లేదు. తట్టాలంటే భయంగా ఉంది, ఈ రోజుల్లో ఈ వీధిలో తలుపు తడితే లోపలివాళ్ళు ఏమనుకుంటారో తెలుసు. నన్ను చూసి బావగారు “రండి బావా. కూర్చోమందామంటే కుర్చీలు కూడా కట్టేశాను” అన్నారు. ఆ స్థితిలోనూ ఆయన నవ్వించబోయారు. మిషన్లు గోనెల్లో చుట్టి వరసగా పెట్టారు. నేనూ ఒక చేయి వేశాను. ఆయన తాడు లాగి పట్టుకుంటే నేను ముడి వేశాను. ముడి వేస్తూ, ఇది విప్పాల్సిందో వెయ్యాల్సిందో నాకు తెలియలేదు. నువ్వు చెప్పు. మనవాళ్ళు వెళ్దామంటే నేనూ మూట ఎత్తుకుంటాను. ఉందామంటే ఈ మెట్ల మీద ఉంటాను. నా గొంతు పనికిరానిచోట ఏం పని చేయాలో నేర్చుకోవాలి. బావగారు గుండీలు కుట్టడం నేర్పుతానన్నారు.

నిన్ను రమ్మని అడగడానికి ఇది రాయడం లేదు. నేను వచ్చానని చెప్పడానికి.

విజయోత్సవ ఊరేగింపు వీధి మలుపు తిరిగినట్టుంది. డప్పులు ఇటే వస్తున్నాయి. తలుపులు వేసుకుంటున్న చప్పుడు ఇంటింటికీ దగ్గరవుతోంది. మన దుకాణం తలుపు వేద్దామని సైగ చేస్తే బావగారు వినడం లేదు. “నా దుకాణం, నేను తెరిచే ఉంచుతా” అని మెట్ల మీదికి వెళ్ళి నిలబడ్డారు. చేతిలో పెద్ద కత్తెర ఉంది. దాన్ని ఎందుకు తీసుకున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. వాళ్ళు చూసేలోగా దాన్ని ఆయన చేతిలోంచి తీసుకోవాలి. పక్కన నిలబడాలి.

కాగితం అమ్మకిస్తున్నాను, తలుపు కిందనుంచి తోస్తుంది. పాపను కిటికీ దగ్గరికి రానివ్వకు.

మీవాడు